దారిన పోయేవారిని ఆటలోకి దింపే కళాకృతి: చోటు వెతకడం నుంచి విప్పి తీసేదాకా

నగరంలో కళ అనగానే దిమ్మె మీద నిలబెట్టిన విగ్రహమో, ‘తాకరాదు’ అని పక్కనే పలక ఉన్న శిల్పమో గుర్తొస్తుంది. మీరు చేయబోయేది అందుకు పూర్తిగా ఎదురు పని. దాన్ని జనం తాకాలి, ఎక్కాలి, ఊపాలి, దాని మీద రాయాలి. వాళ్లు ఏదో చేసినప్పుడు అది బదులివ్వాలి. ముందు నిలబడి ఫొటో దిగడం తప్ప మరేమీ చేయలేని రంగుల గోడను ఆడుకునే కళాకృతి అనడానికి నాకు మనసొప్పదు. మనిషి ఒక పని చేయడం, వస్తువు దానికి బదులు పలకడం, అది చూసి పక్కనున్న అపరిచితుడు కూడా చేయి కలపడం, ఈ మూడూ కుదిరితే తక్కువ ఖర్చుతో చేసినదైనా, రంగు వెలిసినదైనా నిలబడుతుంది. అవి కుదరకపోతే ఎన్ని దీపాలు వెలిగించినా కొద్ది రోజులకే జనం పట్టించుకోకుండా పక్కనుంచి వెళ్లిపోతారు.

మీరు కళాకారులైనా, ఆర్కిటెక్చర్ విద్యార్థులైనా, కాలనీ సంఘం తరఫున పూనుకున్నవారైనా పనుల వరుస మాత్రం ఇదే.

1. ఆలోచన కంటే ముందు చోటు

చాలామంది ముందు బొమ్మ గీసుకుని, ఆ తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలా అని వెతుకుతారు. మీరు ఈ వరుసను తిరగేయండి. ముందు చోటు ఎంచుకుని, కనీసం ఒక పనిరోజు, ఒక సెలవురోజు అక్కడే కూర్చోండి. పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం, దీపాలు వెలిగాక ఆ చోటు నాలుగు రకాలుగా కనిపిస్తుంది. కాగితం మీద పటం గీసి జనం నడిచే దారులను గీతలుగా, ఆగే చోట్లను చుక్కలుగా వేయండి. నీడ ఎటు జరుగుతోంది? పిట్టగోడ అంచు మీద పిల్లలు ఎక్కడ నడుస్తున్నారు? పెద్దలు దేనికి ఆనుకుని నిలబడుతున్నారు? చీకటి పడ్డాక ఏ మూలను తప్పించుకుని వెళ్తున్నారు? ఇవన్నీ రాసుకోండి. పిల్లలు ఇప్పటికే ఏదో ఒక అంచును ఆటగా మార్చుకుని ఉంటే మీ పని సగం అక్కడే దొరికినట్టు.

1970లలో నగర జీవనాన్ని పరిశీలించే విలియం హెచ్. వైట్ న్యూయార్క్ కూడళ్లను కెమెరాలు పెట్టి ఇలాగే ఓపికగా గమనించారు. కదిలించగల కుర్చీ దొరికితే మనుషులు కూర్చోబోయే ముందు దాన్ని కాస్తయినా జరుపుకుంటారని, మధ్యలో ఒక శిల్పమో వీధి ప్రదర్శనో ఉంటే ముక్కూమొహం తెలియనివారు కూడా మాట కలుపుతారని ఆయన చూపించారు. తమ చేతికి లొంగే వస్తువు మీద మనుషులకు ఉండే మక్కువ, ఇద్దరి మధ్య మాట మొదలవడానికి మూడోది ఒకటి కావాలనే సంగతి, ఈ రెండే మీ పనికి పునాది.

చోటు విషయంలో నా సలహా ఒక్కటే. నడిచే దారికి అడ్డంగా కాకుండా దారి పక్కన పెట్టండి. ఆడాలనుకున్నవారు రెండడుగులు పక్కకు వేస్తే చాలు, వద్దనుకున్నవారు ఇబ్బంది లేకుండా సాగిపోవాలి. బస్సు కోసమో స్నేహితుల కోసమో ఎదురుచూసే చోట్లు అన్నిటికంటే మంచివి. అక్కడివారి దగ్గర ఖాళీ సమయం అప్పటికే ఉంటుంది. పెద్ద మైదానమే కావాలని పట్టుపట్టనక్కరలేదు. డచ్ ఆర్కిటెక్ట్ ఆల్డో వాన్ ఐక్ 1947 నుంచి మూడు దశాబ్దాల్లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 700కు పైగా ఆటస్థలాలు రూపొందించారు. వాటిలో చాలావరకు ఇళ్ల మధ్య మిగిలిపోయిన ఖాళీ జాగాల్లోనే వెలిశాయి. ఇసుక గుంట, గుండ్రటి కాంక్రీటు దిమ్మెలు, వంచిన లోహపు కడ్డీలు, అంతే. ఫలానా ఆటకే అని చెప్పే ఆకారం వాటికి లేకపోవడం వల్లే పిల్లలు వాటితో లెక్కలేనన్ని ఆటలు కల్పించుకోగలిగారు.

2. ఒకే ఒక్క క్రియ

ఊగు, తొక్కు, లాగు, జారు, అరుచు, రాయి. వీటిలాంటి ఒక క్రియను ఎంచుకుని ఈ వాక్యంలోని ఖాళీలు పూరించండి: ‘ఎవరైనా ఫలానా పని చేస్తే, ఫలానాది జరుగుతుంది.’ వాక్యం అక్కడితో ఆగక ‘ఆపైన ఇంకో మీట నొక్కితే’ అంటూ సాగితే రెండో సగాన్ని కొట్టేయండి. దారిన పోయేవారు మీ కళాకృతికి ముందుగా ఇచ్చేది రెండు మూడు క్షణాల చూపు మాత్రమే. ఆ చూపులోనే ఏం చేయాలో తెలిసిపోవాలి. ఉయ్యాలను చూస్తే ఊగాలని ఎవరికీ చెప్పనక్కరలేదు.

కెనడాలోని మాంట్రియల్‌లో 2011లో డైలీ తూ లే జూర్ అనే బృందం ఒక వీధి పొడవునా 21 ఉయ్యాలలు కట్టింది. ఒక్కరు ఊగితే ఒక స్వరం పలుకుతుంది. పక్కవారితో లయ కలిపి ఊగితే ఒంటరిగా ఎంత ఊగినా రాని బాణీలు వస్తాయి. ఈ రంగంలో నేను ఎవరికైనా ముందుగా చూపించే ఉదాహరణ ఇదే. ఇందులో చూసేవారికి చూడటానికి ఏదో ఉంది, ఒంటరిగా వచ్చినవారికి చేయడానికి ఏదో ఉంది, కలిసి చేసేవారికి అంతకంటే పెద్ద బహుమతి ఉంది. మీ ఆలోచనను కూడా ఈ మూడు మెట్ల మీద పరీక్షించండి. మూడో మెట్టు లేకపోతే మీరు చేస్తున్నది మంచి ఆటవస్తువే కావచ్చు, ఆ చోటును మాత్రం అది మార్చదు.

కళాకారుడు రాఫాయెల్ లొజానో-హెమ్మర్ 2001లో నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో ఒక కూడలిలో పెద్ద గోడ మీద మనుషుల చిత్రాలు వేసి, వాటిని బలమైన దీపాల వెలుగుతో కనిపించకుండా చేశారు. కూడలిలో నడిచేవారి నీడ గోడ మీద పడినచోట మాత్రమే లోపలి చిత్రం బయటపడుతుంది. దీపానికి దగ్గరగా వెళ్తే నీడ 25 మీటర్ల దాకా పెరుగుతుంది. అన్ని చిత్రాలూ ఒకేసారి నీడల్లోకి వస్తే కొత్త చిత్రాలు వస్తాయి. ఒక్కరివల్ల అది కాదు గనుక జనం ఒకరినొకరు పిలుచుకోవలసి వస్తుంది. కలిసి ఆడండి అని ఎక్కడా రాయలేదు, పని తీరే వారిని కలిపింది.

విద్యుత్తు, సెన్సార్లు తప్పనిసరి అనుకోకండి. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో 2011లో క్యాండీ చాంగ్ పాడుబడిన ఒక ఇంటి గోడకు నల్లబల్ల రంగు వేసి, ‘చనిపోయేలోగా నేను’ అని మొదలయ్యే అసంపూర్ణ వాక్యాన్ని వరుసలుగా అచ్చువేసి, పక్కన సుద్దముక్కలు ఉంచారు. జనం ఖాళీలు నింపారు. తర్వాత ఎన్నో దేశాల్లో అలాంటి గోడలు పుట్టుకొచ్చాయి. మీ దగ్గర డబ్బు తక్కువుంటే ఈ దారి పట్టండి. మంచి ప్రశ్న ఒక్కటి దొరికితే రంగు, సుద్ద చాలు.

సెన్సార్లు వాడితే మాత్రం బదులు వెంటనే రావాలి. తొక్కడానికి, మోగడానికి మధ్య పదో వంతు సెకను దాటితే తన వల్లే మోగిందన్న నమ్మకం సడలడం మొదలవుతుంది. ఫోనులో ఏదో దించుకుంటే తప్ప ఆడలేని ఏర్పాటు వద్దు, ఆ ఒక్క మెలికే ఎక్కువమందిని వెనక్కి పంపుతుంది. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో 2013లో దీపస్తంభాలతో, పోస్టు డబ్బాలతో జనాన్ని మాట్లాడించిన ప్రయోగం కూడా మామూలు ఎస్సెమ్మెస్ మీదే నడిచింది. మరుసటి ఏడాది అదే నగరంలో కొన్ని వీధి దీపాలు తమ కింద నడిచినవారి నీడలను గుర్తుపెట్టుకుని తర్వాత వచ్చినవారి పక్కన వేశాయి. అక్కడైతే ఫోను కూడా అక్కరలేకపోయింది, నడిస్తే చాలు.

3. అట్టతో, తాడుతో, సుద్దతో మొదటి పరీక్ష

నమూనాను బల్ల మీద పట్టే చిన్న బొమ్మగా కాకుండా అసలు కొలతలతో చేయండి. అట్టపెట్టెలు, వెదురు, తాడు, అంటించే టేపు, నేల మీద సుద్ద గీతలు సరిపోతాయి. సెన్సారుకు బదులు ఒక మనిషిని చాటున కూర్చోబెట్టండి. ఎవరైనా గీత తొక్కగానే ఆయన గంట కొడతాడు. ఇలా చేస్తే ఒక్క తీగ కలపకుండానే మీ ఆట ఆకట్టుకుంటుందో లేదో తెలిసిపోతుంది.

పరీక్ష సమయంలో మీరు నోరు విప్పకూడదు. ఇది అనుకున్నంత తేలిక కాదు, ఎవరైనా తడబడుతుంటే చెప్పాలని నాలుక పీకుతుంది. అయినా ఆగండి. వివరించడానికి మీరు రేపు అక్కడ ఉండరు. వేర్వేరు మనుషులు ఒకే విధంగా ‘తప్పు’గా వాడుతుంటే వస్తువును వారి దారికి తెచ్చుకోండి. మీరు లాగడానికి పెట్టిన తాడును అందరూ ఊపుతుంటే ఊపడమే దాని అసలు ఆట.

పెద్దల సంగతి ప్రత్యేకంగా చూడాలి. పిల్లలు ఎక్కడైనా ఆడతారు. పెద్దలకు ఆడాలని ఉన్నా నలుగురూ చూస్తారేమోనన్న బెరుకు ఉంటుంది. దాన్ని తీసేయడానికి రెండు ఉపాయాలున్నాయి. ఒకటి, వారి శరీరానికి సరిపడే కొలత. బోస్టన్‌లో 2014లో కట్టిన వెలిగే వలయాల ఉయ్యాలలు 20. వాటిని మూడు పరిమాణాల్లో చేశారు గనుక అవి పిల్లలవే అని ఎవరూ అనుకోలేదు. రెండోది, ఆటను వారు ఎలాగూ చేసే పనిలోనే కలిపేయడం. స్టాక్‌హోమ్‌లోని ఊడెన్‌ప్లాన్ స్టేషన్‌లో 2009లో మెట్లను పియానో మీటలుగా మార్చి, అడుగు పడినప్పుడల్లా స్వరం పలికేలా చేశారు. ఆడటానికి ఎవరూ ప్రత్యేకంగా ఆగనక్కరలేదు, పైకి ఎక్కడమే ఆట.

4. అనుమతులు, ఇరుగుపొరుగు

ఆ నేల ఎవరిదో ముందు తేల్చుకోండి. కాలిబాట ఒకరిది, దాని పక్క పచ్చిక ఇంకొకరిది, కింద వెళ్లే నీటి గొట్టాలు, తీగలు మరొకరివి కావడం మామూలే. స్థానిక సంస్థ, ట్రాఫిక్ పోలీసులు, అగ్నిమాపక శాఖ, విద్యుత్ శాఖ, వీరిలో ఎవరి అనుమతి అవసరమో రాతపూర్వకంగా అడగండి. మీ దస్త్రంలో కొలతలతో కూడిన గీత, ఇంజినీరు లేఖ, బీమా, పెట్టే తేదీ, తీసే తేదీ, ఎప్పుడైనా పలికే ఫోను నంబరు ఉండాలి. అధికారులు ఎక్కువగా జంకేది తీసే తేదీ లేని ప్రతిపాదనలకే. మొదటిసారి కొద్ది వారాలకే అడగండి.

కాగితాల కంటే కష్టమైనది, విలువైనది ఇరుగుపొరుగుతో మాట్లాడటం. న్యూయార్క్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయ ప్రాంగణంలో 1981లో శిల్పి రిచర్డ్ సెర్రా నిలబెట్టిన సుమారు 36 మీటర్ల పొడవైన ఉక్కు గోడ అక్కడ పనిచేసేవారు రోజూ నడిచే దారిని అడ్డగించింది. విచారణలు, కోర్టు వ్యాజ్యం నడిచాక 1989లో దాన్ని కోసి తీసేశారు. కళగా దాని స్థాయిపై వాదనలు ఇప్పటికీ ఉన్నాయి. అయితే ఆ ప్రాంగణంలో మసిలేవారి అలవాట్లతో అది తలపడిందన్నది వాస్తవం. కాలిఫోర్నియాలోని లాంకాస్టర్‌లో 2008లో కార్ల చక్రాలు దొర్లితే బాణీ పలికేలా గాట్లు చెక్కిన రోడ్డు మీద, చుట్టుపక్కల ఇళ్లవారు చప్పుడు భరించలేమన్నందుకు, కొద్ది వారాల్లోనే మళ్లీ తారు పరిచారు. తర్వాత ఇళ్లకు దూరంగా మరో రోడ్డు మీద కొత్తగా చెక్కారు.

అందుకే శబ్దం ఉన్న ఆట అయితే అసలు శబ్దాన్ని అక్కడే వినిపించి, దగ్గరి కిటికీ దగ్గర నిలబడి వినండి. రాత్రి నిర్ణీత వేళకు దానంతట అదే ఆగిపోయే టైమరు పెట్టండి. ఒకే బాణీ రోజంతా వినాల్సింది ఎదుటి దుకాణంలో కూర్చున్నవారే, వారి మాటకు మొదటి బరువు ఇవ్వండి.

5. భద్రత, ఇక్కడ తొందర వద్దు

1971లో లండన్‌లోని టేట్ గ్యాలరీలో రాబర్ట్ మోరిస్ ఎక్కే దిమ్మెలు, దొర్లించే డొల్లలు, బ్యాలెన్స్ చేసే పలకలతో ప్రదర్శన పెట్టారు. జనం ఎంత ఉత్సాహంగా ఎగబడ్డారంటే దెబ్బలు తగిలి నాలుగు రోజులకే దాన్ని మూసేశారు. మీ వస్తువును ఒకరు మర్యాదగా వాడతారన్న ఊహతో లెక్క వేయకండి. ఇద్దరికని చేసిన చోట ఐదుగురు ఎక్కుతారు, కూర్చోవలసిన చోట నిలబడతారు.

ఉయ్యాల లెక్క చూడండి. నిలువు నుంచి 60 డిగ్రీల దాకా ఊగితే కిందికి వచ్చే క్షణంలో తాడు మీద పడే లాగుడు మనిషి బరువుకు రెట్టింపు. 90 డిగ్రీలైతే మూడు రెట్లు. అంటే 80 కిలోల మనిషి 240 కిలోలై లాగుతాడు. గుంపు నిలబడగల వేదికలకు ఇంజినీర్లు సాధారణంగా చదరపు మీటరుకు 500 కిలోల భారం లెక్కలోకి తీసుకుంటారు. ఈ లెక్కలు మీకు తెలిసి ఉండాలి, సంతకం మాత్రం అర్హత ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీరుదే కావాలి.

గాలిని తక్కువగా చూస్తే ప్రాణాలు పోతాయి. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి తనకు అడ్డంగా నిలిచిన చదరపు మీటరు మీద దాదాపు 6 కిలోల బరువుతో నెడితే, 72 కిలోమీటర్ల గాలి 25 కిలోలతో నెడుతుంది. 1991లో కళాకారులు క్రిస్టో, జాన్ క్లోద్ దంపతులు కాలిఫోర్నియా కొండల్లో కళాకృతిగా నిలిపిన భారీ గొడుగుల్లో, సుమారు 220 కిలోల బరువున్న ఒకటి గాలికి ఊడి మీద పడి ఒక సందర్శకురాలు మరణించారు. అదే ప్రాజెక్టు జపాన్ భాగంలో గొడుగులు తీస్తుండగా క్రేన్ విద్యుత్ తీగకు తగిలి ఒక కార్మికుడు చనిపోయాడు. 2006లో ఇంగ్లండ్‌లో జనం లోపలికి వెళ్లి నడిచే, గాలి నింపిన గుడారంలాంటి కళాకృతి ఒకటి కట్లు తెంచుకుని పైకి లేచి, ఇద్దరు మహిళలు ప్రాణాలు కోల్పోయారు. బట్ట, గాలి నింపిన ఆకారాలు, గొడుగులు, పలకలు, ఏవి వాడినా ఎంత గాలికి మూసేయాలో ముందే అంకె రాసిపెట్టి, ఆ అంకె దాటగానే ఎవరినీ అడగకుండా మూసే అధికారం కాపలాదారుకు ఇవ్వండి.

సందుల విషయంలో ఆటస్థలాల ప్రమాణాలు స్పష్టంగా ఉన్నాయి. 8 నుంచి 25 మిల్లీమీటర్ల రంధ్రాల్లో వేళ్లు ఇరుక్కుంటాయి. 89 నుంచి 230 మిల్లీమీటర్ల మధ్య సందులో పిల్లల శరీరం దూరి తల ఇరుక్కోవచ్చు. సందు అంతకంటే చిన్నదిగానో పెద్దదిగానో ఉండాలి.

విద్యుత్తు వాడితే జనం తాకే భాగాలన్నీ 12 లేదా 24 వోల్టుల మీదే నడవాలి. ప్రధాన సరఫరా దగ్గర 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే తెగిపడే బ్రేకరు ఉండాలి, ఆరుబయట పెట్టెలకు కనీసం ఐపీ65 రక్షణ (దుమ్ము, నీటి జల్లు చొరబడని స్థాయి) కావాలి. ఎండలో నల్ల లోహం చర్మాన్ని కాలుస్తుంది. లోపలికి వంగిన అద్దం ఎండను ఒకచోటికి పోగేస్తుంది. లండన్‌లో 2013లో ఒక ఎత్తైన భవనపు వంపు అద్దాలు కింద ఆపిన కారు భాగాలనే కరిగించాయి. నేల మీద వేసే రంగులో జారకుండా సన్నటి ఇసుక కలపండి.

చక్రాల కుర్చీలో వచ్చినవారికి దారి ఒక్కటే సరిపోదు, ఆట కూడా ఉండాలి. కనీసం 900 మిల్లీమీటర్ల వెడల్పు దారి, తిరగడానికి 1500 మిల్లీమీటర్ల చోటు, కూర్చుని చేయి చాపితే అందే మీట ఒకటి. చూపు లేనివారికి శబ్దం లేదా తాకిడి, వినికిడి లేనివారికి వెలుగు లేదా కంపనం, ఇలా బదులు రెండు విధాలుగా వచ్చేలా చూస్తే అందరికీ ఆట మరింత రుచిస్తుంది.

6. తయారీ, బిగింపు

పాడయ్యే భాగాలను ముందే ఊహించి, పది నిమిషాల్లో మార్చేలా చేయండి. అందరి చేతులూ పడే పట్టీ, తాడు, స్ప్రింగు, బటను వెల్డింగుతో కాకుండా బోల్టులతో ఉండాలి. ఆ బోల్టులు మామూలు స్పానరుకు ఊడకూడదు. ప్రతిదానికీ విడిభాగాలు మొదటి రోజే చేయించి దాచండి. ఎలక్ట్రానిక్ పెట్టెను ఒకే మనిషి విప్పగలిగే ఎత్తులో, వాన నీరు నిలవని చోట పెట్టండి. కరెంటు పోయి వచ్చినప్పుడు ఎవరూ ఏమీ నొక్కకుండా దానంతట అదే మొదలవ్వాలి.

రంగు విషయంలో ధైర్యం చేయండి. దూరం నుంచి పిలిచేది అదే.

నేలను తవ్వకుండా బరువు దిమ్మెలతో నిలపగలిగితే అనుమతి త్వరగా దొరుకుతుంది, తీయడం కూడా తేలిక. తవ్వక తప్పకపోతే కింద ఏముందో పటం లేకుండా పార దించకండి. బిగించే ముందు రోజు ఆ చోటును అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి తేదీతో దాచుకోండి.

7. తెరిచాక

మొదటి వారం రోజూ అక్కడ ఎవరో ఒకరు ఉండాలి. ఆట నేర్పడానికి కాదు, బోల్టులు చూడటానికి. ప్రతి ఉదయం తెరిచే ముందు చేత్తో తడిమి చూడండి: వదులైనవి, చీలినవి, పదునెక్కినవి, తడిసినవి. చూసినది పుస్తకంలో తేదీ వేసి సంతకంతో రాయండి, ఏదైనా జరిగితే మిమ్మల్ని కాపాడేది ఆ పుస్తకమే. విరిగినదాన్ని వెంటనే బాగుచేయండి, కుదరకపోతే ఆ భాగాన్ని అదే రోజు విప్పి తీసుకెళ్లండి. విరిగిన వస్తువు అలాగే పడి ఉంటే దాన్ని పట్టించుకునేవారు లేరని అందరికీ అర్థమవుతుంది, మిగతావి కూడా వరుసగా విరుగుతాయి. పిచ్చి రాతలు కనిపిస్తే తెల్లవారేలోగా తుడవండి.

ఎంతమంది వచ్చారన్నది లెక్కించడం తేలికే, దానికి మించినవి కూడా రాసుకోండి. ఒకరు ఎంతసేపు ఉన్నారు, వెళ్లిపోయి మళ్లీ వెనక్కి వచ్చారా, వేర్వేరుగా వచ్చినవారు ఒకరితో ఒకరు మాట్లాడారా, వృద్ధులు, ఒంటరిగా వచ్చిన స్త్రీలు కూడా ఆగుతున్నారా. చివరి ప్రశ్నకు జవాబు లేదని వస్తే దీపాలు, కూర్చునే బల్లలు, కాపలా వేళలు మార్చి చూడండి. గమనించేటప్పుడు మొహాలు వీడియో తీయాల్సిన పని లేదు, పటం మీద గీతలు చాలు. మొదట చోటు చూసినప్పుడు గీసిన పటం పక్కన దీన్ని పెడితే ఏం మారిందో స్పష్టంగా కనిపిస్తుంది, తర్వాతి అనుమతికి అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

8. విప్పి తీయడం

చెప్పిన తేదీకే తీయండి, జనం ఇంకా ఆడుతున్నా సరే. గడువు పొడిగించాలంటే ముందే కొత్తగా అడగాలి, ఇంజినీరుతో మళ్లీ పరీక్ష చేయించాలి. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో 2005లో పెట్టిన 7,503 కాషాయ ద్వారాలు 16 రోజులే ఉన్నాయి. తీసేశాక వాటి సామగ్రిని పునర్వినియోగానికి పంపారు. మీ సామగ్రి ఎక్కడికి వెళ్లాలో కూడా తయారీకి ముందే నిర్ణయించుకోండి: ఏదైనా బడి ఆవరణకా, మరో వీధికా, కరిగించే చోటికా.

తీసేటప్పుడే ప్రమాదాలు ఎక్కువ, ఎందుకంటే అప్పటికి అందరూ అలసిపోయి ఉంటారు. క్రేన్ వాడితే పైన తీగల దూరం మళ్లీ కొలవండి, చుట్టూ తాడు కట్టి జనాన్ని ఆపండి. ముందు కరెంటు, తర్వాత కదిలే భాగాలు, చివరికి చట్రం. బోల్టు రంధ్రాలను అదే రంగు గారతో పూడ్చి, కాలు తగలకుండా నేలకు సమంగా రుద్దండి. బిగించకముందు తీసిన ఫొటోలతో పోల్చి చూసి, స్థలం యజమాని చేత అప్పగింత కాగితం మీద సంతకం తీసుకున్నాకే బీమా ముగించండి.